నీడల్ని తప్పుగా చదివినా కంప్యూటర్ ఏమీ అనదు

సీటీ స్కాన్ మెషిన్ మన శరీరం లోపలి బొమ్మ తీయదు. వినడానికి వింతగా ఉంటుంది కానీ నిజం. అది తీసేది నీడలు మాత్రమే. మనిషి చుట్టూ తిరుగుతూ ఒక్కో కోణం నుంచి ఒక్కో ఎక్స్‌రే నీడ పడుతుంది. ఆ నీడలన్నీ నంబర్లుగా ఒక ఫైల్‌లోకి వెళ్తాయి. తర్వాత ఒక సాఫ్ట్‌వేర్ ఆ నంబర్లు తీసుకుని, "ఇలాంటి నీడలు పడాలంటే లోపల ఏముండాలి?" అని లెక్క కట్టి బొమ్మ తయారు చేస్తుంది. డాక్టర్ గారు చూసేది ఆ లెక్కకి వచ్చిన జవాబుని.

అంటే మధ్యలో మన బ్రాంచ్ వాళ్ళ పని ఒకటుంది. ఆ ఫైల్‌ని సరిగ్గా చదవడం. ఏముందిలే, ఫైల్ ఓపెన్ చేసి అర్రేలో పెట్టుకోవడమే కదా అనిపిస్తుంది. ఈ మధ్య మెడికల్ ఇమేజింగ్ మీద మినీ ప్రాజెక్టులు చాలామంది చేస్తున్నారు. అందరూ అల్గారిథమ్ గురించి, డీప్ లెర్నింగ్ గురించి మాట్లాడతారు, డేటా చదవడం గురించి ఎవరూ మాట్లాడరు. నిజానికి ఎక్కువ తేడాలు వచ్చేది అక్కడే. అందులోనూ కొన్ని తేడాలకి ఎర్రర్ మెసేజ్ కూడా రాదు. అందుకే ఈ వ్యాసం.

తోలుబొమ్మ నీడ

మామూలు నీడ నల్లగా ఉంటుంది. వెలుతురు ఆగిందా లేదా అన్నది తప్ప ఇంకేం చెప్పదు. తోలుబొమ్మలాటలో నీడ అలా కాదు. తోలుని పలచగా గీకి, రంగులు వేస్తారు కాబట్టి దీపం వెలుతురు దాని గుండా కొంత వస్తుంది. పలచగా ఉన్నచోట ఎక్కువ, మందంగా ఉన్నచోట తక్కువ. ఎక్స్‌రే నీడ ఈ రకం. ప్రతి డిటెక్టర్ చెప్పేది "నా దాకా ఎంత కిరణం వచ్చింది" అని. పుస్తకాల తెలుగులో దీన్ని ప్రక్షేపం అంటారు, ఇంగ్లిష్‌లో ప్రొజెక్షన్. నేను నీడ అనే అంటాను, పలకడానికీ అర్థం కావడానికీ అదే హాయి.

తోలుబొమ్మలాటలో ఇంకో సంగతి ఉంది. తెర వెనక ఆడించేవాళ్ళు బొమ్మని వెనక్కి తిప్పి పెడితే కుడి చేతిలో ఉన్న విల్లు ఎడమ చేతిలోకి వెళ్ళినట్టు కనిపిస్తుంది. తెర ముందు కూర్చున్నవాళ్ళకి తేడా తెలీదు, బొమ్మ ఎప్పటిలాగే అందంగా ఉంటుంది. దీన్ని గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

నాలుగు గడుల లెక్క

నీడల నుంచి లోపలి బొమ్మ ఎలా వస్తుందో చిన్న లెక్కతో చూద్దాం. నాలుగు గడుల పెట్టె ఒకటి అనుకోండి. పై వరుసలో 5, 2. కింది వరుసలో 1, 8. లోపలి అంకెలు మనకి కనిపించవు. కిరణం ఏ దారిలో వెళ్తే ఆ దారిలోని అంకెల మొత్తం మాత్రమే తెలుస్తుంది.

అడ్డంగా పంపితే: 7, 9.
నిలువుగా పంపితే: 6, 10.
ఐమూలగా పంపితే: ఎడమ పై నుంచి కుడి కిందకి 13, రెండోవైపు 3.

అడ్డం, నిలువు మాత్రమే ఉంటే జవాబు తేలదు. పైన 4, 3, కింద 2, 7 అని పెట్టినా అవే మొత్తాలు వస్తాయి, కావాలంటే కూడి చూడండి. ఐమూల మొత్తాలు కూడా చేరితే 5, 2, 1, 8 తప్ప వేరే జవాబు ఉండదు. సీటీకి అన్ని కోణాలు ఎందుకు కావాలో ఇందులోనే ఉంది. ఇలా గీతల వెంట మొత్తాలు అన్నీ తెలిస్తే లోపలున్నది తిరిగి కట్టొచ్చని 1917లోనే ఆస్ట్రియా గణిత శాస్త్రవేత్త యోహాన్ రాడాన్ నిరూపించాడు. ఆయనకి ఎక్స్‌రే స్కానర్ కట్టే ఉద్దేశం ఏమీ లేదు, అది శుద్ధ గణితం.

ఇప్పుడు అసలు విషయం. పై లెక్కలో అంకెలేవీ మార్చకండి. పేర్లు మాత్రం మార్చండి. అడ్డం మొత్తాలని నిలువు అనీ, నిలువు మొత్తాలని అడ్డం అనీ పొరపాటున చదివాం అనుకోండి. మళ్ళీ సాల్వ్ చేస్తే పైన 5, 1, కింద 2, 8 వస్తాయి. ఆరు సమీకరణాలూ చక్కగా సరిపోతాయి. ఎక్కడా ఎర్రర్ లేదు. కానీ బొమ్మ తిరగబడిపోయింది. 2 ఉండాల్సిన చోట 1 వచ్చింది.

ఇంకోటి చూడండి. ఈసారి అడ్డం, నిలువు సరిగ్గానే చదివి, రెండు ఐమూలల్ని మాత్రం తారుమారు చేద్దాం: 13 ఉండాల్సిన చోట 3, 3 ఉండాల్సిన చోట 13. జవాబు: పైన 0, 7. కింద 6, 3. ఇదీ ఆరు సమీకరణాలకీ సరిపోతుంది! కానీ అసలు పెట్టెకీ దీనికీ సంబంధమే లేదు. ఎక్కువ బరువున్న గడులు ఖాళీ అయిపోయాయి, ఖాళీగా ఉండాల్సినవి నిండిపోయాయి.

కొలతల్లో ఒక్క నంబర్ కూడా తప్పు లేదు. ఏ నంబర్ ఏ దారిదో అన్నదే తప్పు. నిజం సీటీలో వందల కోణాలు ఉంటాయి కాబట్టి చాలా తప్పులు బొమ్మని మసకగానో చారలు చారలుగానో చేసి తమని తాము పట్టిస్తాయి. కానీ కొన్ని పట్టివ్వవు. అవే ప్రమాదం.

ఫైల్‌లో నిజంగా ఏముంటుంది?

1971 అక్టోబర్ 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లే హాస్పిటల్‌లో మొదటిసారి ఒక పేషెంట్ తలకి సీటీ తీశారు. మెషిన్ కట్టింది ఈఎంఐ కంపెనీ ఇంజనీర్ గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్. అందులో 180 కోణాలు, ఒక్కో కోణానికి 160 రీడింగ్‌లు. మొత్తం 28,800 నంబర్లు. వాటి నుంచి వచ్చిన బొమ్మ 80 × 80. మన ఫోన్‌లో యాప్ ఐకాన్ కూడా అంతకంటే పెద్దదే. దీనికి అవసరమైన గణితం మీద 1963, 1964లోనే పేపర్లు రాసిన అలన్ కార్మాక్‌కీ, హౌన్స్‌ఫీల్డ్‌కీ కలిపి 1979లో వైద్యంలో నోబెల్ ఇచ్చారు.

ఆ 28,800 నంబర్లని ఒక పట్టికలో పెడితే, అంటే ఒకవైపు కోణం, ఇంకోవైపు డిటెక్టర్ నంబర్ ఉండేలా పరిస్తే, వచ్చే బొమ్మ పేరు సైనోగ్రామ్. మధ్యకి కొంచెం పక్కగా ఒక సూది నిలబెట్టి స్కాన్ చేస్తే, మెషిన్ తిరుగుతున్న కొద్దీ దాని నీడ అటూ ఇటూ ఊగుతుంది. పట్టికలో చూస్తే సైన్ వేవ్‌లా కనిపిస్తుంది. పేరు అందుకే వచ్చింది. సరిగ్గా ఇరుసు మీదే సూది పెడితే వంకర లేని గీత వస్తుంది.

డిస్క్ మీద మాత్రం పట్టికా ఉండదు, వేవ్ ఉండదు. బైట్లు వరసగా ఉంటాయి, అంతే. ఆ బైట్లని చదివేటప్పుడు మనం ఐదు ప్రశ్నలకి జవాబు తెలుసుకుని ఉండాలి.

మొదటి ప్రశ్న: ఒక్క నంబర్ అంటే ఎన్ని బైట్లు, ఏ వరసలో?

డిటెక్టర్ డేటా చాలాసార్లు 16 బిట్ పూర్ణాంకాలుగా ఉంటుంది. రెండు బైట్లలో ఏది ముందు అన్నది మెషిన్‌ని బట్టి మారుతుంది. లిటిల్ ఎండియన్, బిగ్ ఎండియన్ అని రెండో సంవత్సరంలో చదివి మర్చిపోతామే, అదే ఇది. 1000 అనే నంబర్‌ని తిరగేసి చదివితే 59,395 అవుతుంది. 1 కాస్తా 256 అవుతుంది. బొమ్మ మొత్తం టీవీలో సిగ్నల్ పోయినప్పటి చుక్కల్లా కనిపిస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే.

గుర్తు ఉన్న నంబరా, లేనిదా అన్నది కూడా చూడాలి. గుర్తు లేని 40,000ని గుర్తు ఉన్నదిగా చదివితే మైనస్ 25,536 అవుతుంది. ఇక్కడ తమాషా ఏంటంటే, 32,767 లోపు ఉన్నవన్నీ సరిగ్గానే వస్తాయి. బాగా వెలుతురు పడ్డచోట మాత్రమే తేడా వస్తుంది. అంటే శరీరం సరిగ్గా కనిపిస్తూ, చుట్టూ ఉన్న గాలి మాత్రం మైనస్‌లోకి దిగిపోతుంది.

దీనికి సులువైన పరీక్ష ఫైల్ సైజు. 360 కోణాలు, 512 డిటెక్టర్లు, ఒక్కోటి 2 బైట్లు అయితే 3,68,640 బైట్లు ఉండాలి. ఫైల్ 3,69,664 బైట్లు ఉంటే 1,024 బైట్లు ఎక్కువ ఉన్నాయి. అది హెడర్ అయి ఉండొచ్చు. దాన్ని దాటకుండా చదివితే ప్రతి నంబరూ తన చోటు నుంచి జరిగిపోతుంది. చదివే ముందు చేతిలో కాలిక్యులేటర్ పెట్టుకుని ఈ గుణకారం చేసుకోవడం అర నిమిషం పని.

రెండో ప్రశ్న: ఏది కోణం, ఏది డిటెక్టర్?

ఇది నాలుగు గడుల లెక్కలో అడ్డం, నిలువు తారుమారైన కేసు లాంటిదే. ఫైల్ సైజు ఇక్కడ సాయం చేయదు. 360 ని 512 తో గుణించినా, 512 ని 360 తో గుణించినా వచ్చేది ఒకటే కదా.

పైగా ఒక్కో లైబ్రరీది ఒక్కో పద్ధతి. పైథాన్‌లో స్కికిట్-ఇమేజ్ వాడితే సైనోగ్రామ్‌లో ఒక్కో నిలువు వరస ఒక్కో కోణం. ఆస్ట్రా టూల్‌బాక్స్ 2డీలో ఒక్కో అడ్డ వరస ఒక్కో కోణం. సరిగ్గా ఉల్టా. 3డీకి వెళ్తే టోమోపై మామూలుగా కోణాన్ని ముందు పెట్టమంటుంది, ఆ తర్వాత డిటెక్టర్ అడ్డ వరస, నిలువు వరస. ఆస్ట్రా 3డీలో డిటెక్టర్ అడ్డ వరస ముందు, కోణం మధ్యలో. ఒక దాంట్లోంచి తీసి ఇంకో దాంట్లో పెట్టేటప్పుడు యాక్సిస్‌లు మార్చకపోతే అంతే సంగతులు.

కోణాలూ డిటెక్టర్లూ సంఖ్యలో వేరువేరుగా ఉంటే ప్రోగ్రామ్ కొలతలు కుదరలేదని గొడవ చేస్తుంది, మనం బతికిపోతాం. 180 కోణాలు, 180 డిటెక్టర్లు తీసుకున్నామా, నోరెత్తదు. అందుకే టెస్ట్ డేటా చేసుకునేటప్పుడు చతురస్రం వద్దు. 180 కోణాలైతే డిటెక్టర్లు 257 పెట్టుకోండి. తప్పు ఉంటే అక్కడే బయటపడుతుంది.

మూడో ప్రశ్న: కోణం ఎందులో కొలిచారు, ఎటు తిరిగారు?

స్కికిట్-ఇమేజ్ కోణాల్ని డిగ్రీల్లో అడుగుతుంది. ఆస్ట్రా, టోమోపై రేడియన్లలో అడుగుతాయి. ఒక రేడియన్ అంటే సుమారు 57.3 డిగ్రీలు. 0, 1, 2 అని డిగ్రీలు ఇస్తే వాటిని రేడియన్లు అనుకుని, పక్కపక్కన ఉండాల్సిన నీడల్ని 57 డిగ్రీల దూరంలో వేస్తుంది. బొమ్మ గజిబిజి. ఉల్టాగా రేడియన్లు ఇచ్చి డిగ్రీలు అనుకోనిస్తే, 180 నీడలూ మూడు డిగ్రీల సందులో ఇరుక్కుంటాయి. బొమ్మంతా ఒకే వైపు సాగిన చారలు. ఈ రెండూ వెంటనే కంటికి కనిపిస్తాయి కాబట్టి పెద్ద భయం లేదు.

చిన్న మోసం ఇంకోటుంది. నంపైలో లిన్‌స్పేస్‌ని 0 నుంచి 180 దాకా 180 ముక్కలు అడిగితే అది చివరి 180ని కూడా కలుపుకుంటుంది. అప్పుడు అడుగు 1 డిగ్రీ కాదు, 1.0056 డిగ్రీ. మొదట్లో తేడా తెలీదు, చివరికొచ్చేసరికి ఒక డిగ్రీ తప్పు పేరుకుంటుంది. బొమ్మ కొంచెం మసకబారుతుంది, "నాయిస్ అయ్యుంటుందిలే" అనిపిస్తుంది.

నిజంగా భయపడాల్సింది దిశ గురించి. మెషిన్ గడియారం ముల్లు తిరిగే వైపు తిరిగితే, మన కోడ్ అటు కాకుండా ఇటు తిరిగిందనుకుంటే ఏమవుతుంది? కిరణాలు సమాంతరంగా వెళ్ళే మెషిన్ అయితే బొమ్మ ఎంతో స్పష్టంగా వస్తుంది. చారలు ఉండవు, మసక ఉండదు. కానీ అది అద్దంలో బొమ్మ. తోలుబొమ్మని తిప్పి పెట్టినట్టు. డిటెక్టర్ల వరసని తిరగేస్తే మాత్రం బొమ్మ 180 డిగ్రీలు తిరుగుతుంది, అద్దంలా మారదు. రెంటినీ ఒకటే అనుకుని, ఒకదాన్ని సరిచేయబోయి ఇంకోదాన్ని తిప్పేస్తే పని రెట్టింపు అవుతుంది.

దీనికి తోడు డాక్టర్లకి ఒక సంప్రదాయం ఉంది. అడ్డకోత సీటీ బొమ్మలో పేషెంట్ కుడివైపు మనకి ఎడమవైపు కనిపిస్తుంది, పేషెంట్ కాళ్ళ దగ్గర నిలబడి చూస్తున్నట్టు. ఇది తెలియనివాళ్ళు బొమ్మ తిరగబడిందేమో అనుకుని సరిగ్గా ఉన్నదాన్ని "సరిచేసే" ప్రమాదమూ ఉంది.

మా తాతయ్యకి కడుపు సీటీ తీసినప్పుడు రిపోర్టులో "ఎడమ కిడ్నీలో 6 మిల్లీమీటర్ల రాయి" అని ఉంది. ఇంట్లో వాళ్ళందరం చదివింది ఆ ఒక్క వాక్యమే. అందులో రెండు విషయాలున్నాయి: ఏ పక్క, ఎంత సైజు. పక్క అన్నది కోణం గుర్తు ప్లస్సా మైనస్సా అన్నదాని మీద ఆధారపడి ఉంది. సైజు దేనిమీద ఆధారపడుతుందో ఇప్పుడు చూద్దాం.

నాలుగో ప్రశ్న: నీడ ఎంత పెద్దదయ్యింది? మధ్య ఎక్కడ?

దీపానికి దగ్గరగా చెయ్యి పెడితే గోడ మీద నీడ పెద్దగా పడుతుంది. సీటీలో కూడా కిరణాలు ఒక బిందువు నుంచి విసనకర్రలా విచ్చుకుంటాయి కాబట్టి నీడ అసలు వస్తువు కంటే పెద్దది. ఎంత పెద్దదో తెలియాలంటే రెండు దూరాలు కావాలి. ఎక్స్‌రే పుట్టే చోటు నుంచి ఇరుసుకి ఎంత, డిటెక్టర్‌కి ఎంత. మొదటిది 1000 మిల్లీమీటర్లు, రెండోది 1500 అనుకుంటే నీడ ఒకటిన్నర రెట్లు. డిటెక్టర్ మీద గడి 0.3 మిల్లీమీటర్లు అయితే, ఇరుసు దగ్గర అది 0.2 మిల్లీమీటర్లతో సమానం.

ఈ భాగహారం మర్చిపోయి బొమ్మలో ఒక్కో పిక్సెల్ 0.3 అని రాసేస్తే 6 మిల్లీమీటర్ల రాయి 9 మిల్లీమీటర్లు అవుతుంది. బొమ్మ చూడ్డానికి అలాగే ఉంటుంది, పక్కన ఉన్న స్కేల్ మాత్రమే అబద్ధం చెప్తుంది. చిన్న రాళ్ళు చాలావరకు వాటంతట అవే పోతాయి, పెరిగేకొద్దీ ప్రొసీజర్ అవసరం పెరుగుతుంది. అంటే ఆ మూడు మిల్లీమీటర్లు "నీళ్ళు బాగా తాగండి" అనే మాటకీ "అడ్మిట్ అవ్వండి" అనే మాటకీ మధ్య తేడా కావచ్చు.

మధ్య అన్నది ఇంకో గొడవ. 512 డిటెక్టర్లకి 0 నుంచి 511 దాకా నంబర్లు ఇస్తే మధ్య 256 కాదు, 255.5. పైగా నిజం మెషిన్లలో ఇరుసు నీడ సరిగ్గా డిటెక్టర్ మధ్యలో పడాలని రూల్ లేదు. కొన్ని పిక్సెళ్ళు పక్కకి పడిందంటే బొమ్మలో అంచులు రెండు రెండుగా కనిపిస్తాయి, చిన్న చుక్కలు నెలవంకల్లా సాగుతాయి. సమాంతర కిరణాలైతే దీన్ని పట్టుకోవడం భలే తేలిక. 0 డిగ్రీల నీడ, 180 డిగ్రీల నీడ ఒకదానికొకటి అద్దంలో బొమ్మలు. రెండోదాన్ని తిరగేసి మొదటిదాని మీద పెట్టండి. ఎంత జరిపితే కలుస్తాయో, అందులో సగమే ఇరుసు తప్పిన దూరం.

ఐదో ప్రశ్న: ఇది వచ్చిన కిరణమా, ఆగిన కిరణమా?

నాలుగు గడుల లెక్కలో మనం మొత్తాలు కూడాం. కానీ ఎక్స్‌రే కూడిక చేయదు, గుణకారం చేస్తుంది. ఒక పలక సగం కిరణాన్ని ఆపుతుందనుకోండి. రెండు పలకలు పెడితే నాలుగో వంతు మిగులుతుంది, మూడు పెడితే ఎనిమిదో వంతు. గుణకారాన్ని కూడికగా మార్చాలంటే లాగరిథమ్ తీయాలి. ఇంటర్‌లో "ఇది ఎక్కడ పనికొస్తుంది సార్" అని అడిగిన లాగ్‌కి జవాబు ఇది.

పద్ధతి ఇలా: పేషెంట్ లేనప్పుడు డిటెక్టర్ రీడింగ్ ఎంత, ఉన్నప్పుడు ఎంత, రెంటి నిష్పత్తికి సహజ లాగ్ తీసి మైనస్ పెట్టాలి. ఖాళీగా ఉన్నప్పుడు 60,000, పేషెంట్ ఉన్నప్పుడు 1,200 అనుకుందాం. నిష్పత్తి 0.02, జవాబు 3.91. ఇక్కడ ఒక చిక్కు. ఎక్స్‌రే అసలు వేయకపోయినా డిటెక్టర్ సున్నా చూపించదు, ఎంతో కొంత చూపిస్తుంది. అది 200 అనుకుంటే రెంటిలోంచీ తీసేయాలి. అప్పుడు 1,000 బై 59,800, జవాబు 4.09. తేడా చిన్నదే అనిపిస్తుంది. కానీ నీళ్ళు సెంటీమీటర్‌కి దాదాపు 0.2 చొప్పున కిరణాన్ని తగ్గిస్తాయి అనుకుని చూస్తే, మొదటి జవాబు ప్రకారం మనిషి 19.6 సెంటీమీటర్ల నీళ్ళతో సమానం, రెండో జవాబు ప్రకారం 20.5. దగ్గరదగ్గర ఒక సెంటీమీటర్ తేడా.

అందుకే ఫైల్ చేతికి రాగానే తెలుసుకోవాల్సింది, ఇందులో లాగ్ తీశారా లేదా అని. డాక్యుమెంటేషన్ లేకపోతే గాలి ఉన్న మూలని చూడండి. అక్కడ నంబర్లు అన్నిటికంటే పెద్దవిగా ఉంటే అది ముడి డేటా. సున్నాకి దగ్గరగా ఉంటే లాగ్ తీసేశారు. తీసినదానికి మళ్ళీ తీస్తే చెత్త, తీయనిదాన్ని అలాగే పంపినా చెత్తే.

ఒక్క డిటెక్టర్ సున్నా చూపించినా లాగ్ అనంతానికి పోతుంది. ఫిల్టర్ దశలో ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ వాడితే ఆ ఒక్క నంబర్ తన వరస మొత్తాన్ని పాడు చేస్తుంది, ఆ వరస బొమ్మ మొత్తాన్ని. బొమ్మంతా ఖాళీగా వస్తే అల్గారిథమ్‌ని తిట్టే ముందు సున్నాలు వెతకండి. డిటెక్టర్ చనిపోకుండా, కొంచెం ఎక్కువ తక్కువ చూపిస్తుంటే మాత్రం సైనోగ్రామ్‌లో కదలని గీతలా కనిపిస్తుంది. అది బొమ్మలో గుండ్రటి ఉంగరం అవుతుంది. ఒక కోణం మొత్తం పాడైతే బొమ్మకి అడ్డంగా చారలు వస్తాయి. ఉంగరం అయితే డిటెక్టర్, చార అయితే కోణం. ఇది నోటికి వచ్చేలా పెట్టుకోవచ్చు.

ఫిల్టర్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. నీడల్ని ఉన్నవి ఉన్నట్టు వెనక్కి పరిస్తే బొమ్మ మసకగా వస్తుంది. పరిచే ముందు ప్రతి నీడనీ ఒక ఫిల్టర్‌తో పదును పెట్టాలి. మ్యాట్‌ల్యాబ్‌లో ఐరాడాన్ పిలిస్తే, మనం ఏమీ చెప్పకపోతే అది వాడే ఫిల్టర్ పేరు రామ్-లాక్. అది ఏ విదేశీ పేరూ కాదు, జి.ఎన్. రామచంద్రన్, ఎ.వి. లక్ష్మీనారాయణన్ పేర్ల మొదటి ముక్కలు. 1971లో, అంటే మొదటి సీటీ తీసిన సంవత్సరంలోనే, నీడల నుంచి బొమ్మ కట్టడానికి ఫోరియర్ లెక్క బదులు కన్వల్యూషన్ చాలని వాళ్ళు పేపర్ రాశారు. రామచంద్రన్ గారు బెంగళూరు ఐఐఎస్‌సీలో పనిచేసిన మనిషి. బయాలజీ వాళ్ళు ప్రొటీన్ల కోసం వాడే రామచంద్రన్ ప్లాట్ కూడా ఆయనదే.

చివర్లో నీళ్ళ పరీక్ష

బొమ్మ వచ్చాక దాన్ని హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలోకి మారుస్తారు. ఆ స్కేలులో నీళ్ళు 0, గాలి మైనస్ 1000. కొవ్వు మైనస్ 100 దగ్గర ఉంటుంది. ఎముక కొన్ని వందల నుంచి 1000 పైదాకా వెళ్తుంది. డాక్టర్లు ఈ నంబర్లని నిజంగానే వాడతారు. కిడ్నీలో రాయి ఎంత గట్టిదో అంచనా వేయడానికి కూడా.

ఇక్కడ యూనిట్లు కొంప ముంచుతాయి. నీళ్ళకి సెంటీమీటర్‌కి 0.2 అంటే మిల్లీమీటర్‌కి 0.02. ఒకచోట మిల్లీమీటర్లు, ఇంకోచోట సెంటీమీటర్లు వాడితే నీళ్ళు 0 బదులు మైనస్ 900 అవుతాయి. మైనస్ 900 అంటే గాలి నిండిన ఊపిరితిత్తిలో కనిపించే లాంటి నంబర్. హాస్పిటల్ స్కానర్లని నీళ్ళ డబ్బాతో క్రమం తప్పకుండా పరీక్షించేది ఇందుకే. కంపెనీలు అమ్మే మెషిన్లలో ఇదంతా ముందే సరిచూసి ఉంటుంది. ఆ భద్రత లేనిది ఎక్కడంటే, ముడి డేటా డౌన్‌లోడ్ చేసుకుని సొంతంగా కోడ్ రాసే మనలాంటి వాళ్ళ దగ్గర. ఆ బొమ్మలతోనే రేపు ఎవరో మోడల్ ట్రెయిన్ చేస్తారు. కుడి ఎడమలు తారుమారైన బొమ్మలు అందులో కలిసిపోతే వెతికి తీయడం చాలా కష్టం.

కాబట్టి అల్గారిథమ్ మొదలుపెట్టే ముందు ఈ క్రమంలో చూసుకోండి.

1. కోణాలు, డిటెక్టర్లు, బైట్లు గుణించి ఫైల్ సైజుతో పోల్చండి.
2. సైనోగ్రామ్‌ని బొమ్మగా చూడండి. అలలు నున్నగా ఉండాలి. అవి ఎటు నడుస్తున్నాయో చూస్తే కోణం ఏ యాక్సిసో తెలిసిపోతుంది.
3. గాలి ఉన్నచోట నంబర్ ఎంతో చూడండి. సున్నాలు, అనంతాలు ఉన్నాయేమో వెతకండి.
4. లాగ్ తీశాక ఒక్కో కోణం నీడని మొత్తం కూడండి. కిరణాలు సమాంతరమై, వస్తువు పూర్తిగా చట్రంలో ఉంటే ఏ కోణం నుంచి చూసినా మొత్తం దాదాపు ఒకటే రావాలి. మనిషి బరువు ఏ వైపు నుంచి చూసినా మారదు కదా.
5. 0, 180 డిగ్రీల నీడలతో ఇరుసు సరిచూడండి.
6. నీళ్ళు 0, గాలి మైనస్ 1000 వచ్చాయో లేదో చూడండి.

ఈ ఆరూ దాటినా కుడి ఎడమల తప్పు దొరకదు. దానికి వేరే పరీక్ష కావాలి: ముందే తెలిసిన, రెండు పక్కలా వేరువేరుగా ఉండే బొమ్మ. అందరూ వాడే షెప్-లోగన్ బొమ్మ, 1974 నాటిది, దాదాపు కుడి ఎడమ ఒకేలా ఉంటుంది. తిరగబడినా చటుక్కున తెలీదు. మన దగ్గర అంతకంటే మంచిది ఉంది. ఒక తెలుగు అక్షరాన్ని నలుపు మీద తెలుపుగా రాసి, దానికి నీడలు లెక్కించి, ఆ నీడల్ని ఫైల్‌లో రాసి, మళ్ళీ చదివి బొమ్మ కట్టండి. సున్న మాత్రం పెట్టకండి, ఎటు తిప్పినా అది సున్నే. "జ" పెట్టండి. అది తిరగబడితే ఒకటో క్లాసు పిల్లలు కూడా పట్టేస్తారు.

స్కికిట్-ఇమేజ్‌లో రాడాన్, ఐరాడాన్ అనే రెండు ఫంక్షన్లు చాలు, ఇరవై లైన్ల లోపే అయిపోతుంది. ముందు సరైన "జ" తెప్పించండి. తర్వాత కోణాల గుర్తు మార్చి చూడండి, డిటెక్టర్ వరస తిరగేసి చూడండి, మధ్యని ఐదు పిక్సెళ్ళు జరిపి చూడండి, ఒక డిటెక్టర్‌ని చంపి చూడండి. ఏ తప్పుకి బొమ్మ ఎలా మారుతుందో స్క్రీన్‌షాట్లు తీసి పక్కపక్కన పెట్టుకుంటే, నిజం డేటా వచ్చిన రోజు బొమ్మ చూడగానే తప్పు ఎక్కడుందో చెప్పేయొచ్చు. ఎవరైనా చేస్తే ఆ స్క్రీన్‌షాట్లు క్లబ్‌కి పంపండి, వచ్చే సంచికలో వేద్దాం.